సర్కారు తుమ్మ: పొయ్యిలోకా, వడ్రంగి బల్ల మీదికా?

చెరువు గర్భంలో, కాలువ గట్ల మీద, రైలు పట్టాల వెంట, సాగు మానేసిన పొలాల్లో నడివేసవిలో కూడా పచ్చగా కనిపించే చెట్టు చాలాచోట్ల సర్కారు తుమ్మే. ప్రకాశం, నెల్లూరు వైపు చిల్లకంప అంటారు. ఇంకొన్ని చోట్ల సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ. పేరు ఏదైనా దాని గురించి రైతు నోట మంచిమాట వినడం కష్టం. ముల్లు దిగితే కాలు వాచి రోజుల తరబడి సలుపుతుంది. కొట్టిన మొద్దు నుంచే మళ్ళీ చిగుళ్ళు తన్నుకొస్తాయి. ఒక మూల నాలుగు మొక్కలు మొలిస్తే చూస్తుండగానే పొలమంతా కంపే. దీనితో ఏం చేస్తారని అడిగితే వచ్చే జవాబులు రెండే: వంటచెరకు, బొగ్గు.

మూడో జవాబు ఒకటి ఉందని, దాన్ని మనం పట్టించుకోకపోవడం వల్ల చెట్టుకంటే మనకే ఎక్కువ నష్టం జరుగుతోందని నా వాదన. ఈ కొయ్య దూలాలకు, వాసాలకు పనికిరాదు. ఇంటి బరువు మోయించే ఏ పనికీ పనికిరాదు. కానీ బరువు మోయని పనులకు, అంటే నేలపలకలకు, బల్లల పైభాగాలకు, పీటలకు, పెట్టెలకు, పనిముట్ల పిడులకు, గిన్నెలకు, తెడ్లకు ఇది టేకుతో పోటీ పడగలదు. ఒకటి రెండు గుణాల్లో టేకును మించిపోతుంది కూడా.

ముందు ఇది మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కథ మొదలైంది మన నేల మీదే. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతం. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడోమ్ మెట్టప్రాంతాలకు తగిన చెట్టు కోసం విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. అలా వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. తర్వాతి దశాబ్దాల్లో రాజస్థాన్, గుజరాత్, తమిళనాడు అన్నీ అదే దారి పట్టాయి. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించింది. వానలు లేని చోట వంటచెరకు పుట్టించే చెట్టుగా అప్పటివాళ్ళు దీన్ని చూశారు, ఆ మేరకు అది మాట నిలబెట్టుకుంది. కరువు పల్లెల్లో ఎన్నో పొయ్యిలు దశాబ్దాల పాటు దీని మీదే వెలిగాయి. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మికి ఇది దగ్గరి బంధువు. రెంటినీ ఒకే ప్రజాతిలో లెక్కించేవారు, 2022లో శాస్త్రజ్ఞులు సర్కారు తుమ్మను వేరుచేసి నెల్తుమా అనే ప్రజాతిలో చేర్చారు.

ఇక కొయ్య దగ్గరికి వద్దాం. చెక్క కొనేవాళ్ళు సాధారణంగా గట్టిదనం గురించి అడుగుతారు. ఇంట్లో సామాను పాడవడానికి అసలు కారణం చాలాసార్లు మెత్తదనం కాదు, చెక్క ఉబ్బడం, కుంచించుకుపోవడం. వానాకాలంలో తలుపు ద్వారబంధానికి బిగుసుకుపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అదే తలుపు పలకల మధ్య సందులు పడతాయి. చెక్క ఎప్పటికప్పుడు గాలిలోని తేమను పీల్చుతూ వదులుతూ ఉంటుంది. పచ్చి మాను ఆరడం మొదలుపెట్టాక తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా దాని కొలతలు మారవు. అక్కడి నుంచి కిందికి పోయే ప్రతి శాతానికీ చెక్క కొంచెం కుంచించుకుంటుంది. ఆ కొంచెం ఎంత అన్నదాంట్లోనే ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం నిండా పెరిగే మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు సొంత చెల్లెలి లాంటిది. దాని కొయ్య మీద అక్కడ చాలాకాలంగా కొలతలు తీశారు. పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండే వరకు దాని పరిమాణంలో తగ్గుదల 5 శాతం లోపే. టేకుకు అది 7 శాతం దగ్గర ఉంటుంది. విదేశాల్లో నేలపలకలకు పేరుపడ్డ తెల్ల ఓక్‌కు 16 శాతం. వలయాల వెంబడి, అంటే పలక వెడల్పులో వచ్చే తగ్గుదల చూస్తే మెస్కీట్‌కు సుమారు 3 శాతం, టేకుకు ఐదున్నర, ఓక్‌కు పదిన్నర.

ఈ శాతాలు పలక మీద ఎలా కనిపిస్తాయో లెక్కవేసి చూడండి. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న నేలపలక ఒకటి వేశారనుకుందాం. వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య దానిలో తేమ 6 శాతం మారుతుంది. ఓక్ పలక వెడల్పు 3 మిల్లీమీటర్లకు పైగా మారుతుంది, పలకల మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు. టేకు పలక ఒకటిన్నర మిల్లీమీటరు దాటి కదులుతుంది. మెస్కీట్ పలకలో ఆ కదలిక ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గట్టిదనం సంగతి చూస్తే, ఉక్కు గుండును చెక్కలోకి నొక్కి కొలిచే పరీక్షలో ఇది టేకుకు రెండింతల అంకె చూపిస్తుంది. మడమలు, కుర్చీ కాళ్ళు, పిల్లల బొమ్మబండ్లు పడే నేలకు ఈ రెండు గుణాలూ ఒకేచోట దొరకడం అరుదు. 19వ శతాబ్దం చివర టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియో నగరంలో వీధులకు మెస్కీట్ దిమ్మెలు పరిచారు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌లో ఇదే కుటుంబానికి చెందిన అల్గరోబో దిమ్మెల మీద గుర్రపుబండ్లు తిరిగాయి. అల్గరోబోతో కుర్చీలు, బల్లలు, తలుపులు చేసే పరిశ్రమ ఆ దేశపు చాకో ప్రాంతంలో ఈనాటికీ నడుస్తోంది.

ఇవి టెక్సాస్ చెల్లెలి అంకెలు అన్న సంగతి మరచిపోకూడదు. మన రేగడి చెరువుల్లో, చవుడు నేలల్లో పెరిగిన మానుకు అవే అంకెలు వస్తాయని కళ్ళు మూసుకుని అమ్మకానికి దిగకూడదు. బెంగళూరులో కలప మీదే పనిచేసే కేంద్ర సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది. జిల్లాకు కొన్ని మొద్దుల చొప్పున పంపి కొలిపించుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఇంత మంచి కొయ్య అయితే ఇన్నాళ్ళూ వడ్రంగులు ఎందుకు ముట్టుకోలేదు? వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు, కారణాలు గట్టివే. మొదటిది మాను ఆకారం. మన ఊళ్ళలో కనిపించే సర్కారు తుమ్మ చాలావరకు చెట్టు కాదు, పొద. నేల దగ్గరే ఐదారు కొమ్మలుగా చీలి, వంకరలు తిరిగి పైకి లేస్తుంది. ఆరడుగుల తిన్నని మొద్దు దొరికితే అదృష్టం. సామిల్లులో ఉండే పెద్ద బ్యాండు రంపం, దాని ముందున్న ట్రాలీ పొడవాటి టేకు, వేప దుంగల కోసం ఏర్పాటు చేసినవి. రెండడుగుల వంకర మొద్దును ఆ ట్రాలీ మీద బిగించడం కష్టం, చేతికి ప్రమాదం కూడా. పైగా గట్ల మీది చెట్లలో పాత ముళ్ళకంచె తీగలు, మేకులు పెరుగుదలలో లోపలికి కూరుకుపోయి ఉంటాయి. ఒక్క మేకు తగిలితే రంపం పళ్ళు పోతాయి. మిల్లువాడు వద్దనడంలో వింత లేదు.

రెండో కారణం పుచ్చు. సర్కారు తుమ్మ మొద్దును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ముదురు ఎరుపు గోధుమరంగు చేవ, దాని చుట్టూ లేత పసుపు పొర కనిపిస్తాయి. ఆ పసుపు పొరలో పిండిపదార్థం నిండుగా ఉంటుంది కాబట్టి పుచ్చుపురుగు దాన్ని వదలదు. కొట్టిన మానును బెరడుతో సహా ఎండలో పడేస్తే కొద్దికాలానికే సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి. ఎవరో ఒకరు ఉత్సాహపడి స్టూలు చేయించుకుంటారు, మరుసటి ఏడాదికి దాని కాళ్ళ నుంచి పొడి రాలుతుంది, ఆ ఊళ్ళో ఈ కొయ్యకు చెడ్డపేరు స్థిరపడిపోతుంది. చేవ భాగం మాత్రం పురుగుకు, చెదకు బాగానే తట్టుకుంటుంది. లేత కొమ్మల్లో చేవ సన్నగా, పసుపు పొర మందంగా ఉంటుంది. మాను ముదిరేకొద్దీ ఈ లెక్క తలకిందులవుతుంది.

నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. బొగ్గు కాల్చేవారికి లావు మాను అక్కర్లేదు. మూడు నాలుగేళ్ళకోసారి నేల మట్టానికి కొట్టేస్తే చాలు. కొట్టిన ప్రతిసారీ మొద్దు నుంచి ఇంకా ఎక్కువ చిగుళ్ళు లేస్తాయి, ఒక్క కాండం ఉన్నచోట ఎనిమిది సన్నని కాండాలు వస్తాయి. సర్కారు తుమ్మ వంకర పొదగా, దూరలేని కంపగా మారడంలో దాని స్వభావం ఎంతుందో మన కొడవళ్ళ, గొడ్డళ్ళ పాత్ర కూడా అంతే ఉంది. వంటచెరకుగా వాడుతున్నాం కాబట్టి అది వంటచెరకు ఆకారంలో పెరుగుతోంది. ఆ ఆకారం చూసి ఇది వంటచెరకుకే తగినదని తీర్పు చెబుతున్నాం. పైగా ఆ వాడకంలో మిగిలేది తక్కువ. మట్టి కప్పి కాల్చే నాటు బట్టీలో ఐదారు టన్నుల కట్టె వేస్తే వచ్చే బొగ్గు సుమారు ఒక టన్ను.

ఈ చక్రం నుంచి బయటపడే పద్ధతి తెలియనిదేం కాదు. పొదలో తిన్నగా ఉన్న ఒక్క కాండాన్ని ఉంచి మిగతావి కొట్టేయాలి, పక్కకొమ్మలను మనిషి ఎత్తు వరకు ఎప్పటికప్పుడు నరకాలి. కొట్టినవి బొగ్గుకు పోతాయి, కూలీలకు పని పోదు. మిగిలిన కాండం దశాబ్దం పైగా పెరిగితే చేవ దేరుతుంది. నీడ పలచబడడంతో కింద గడ్డి కూడా లేస్తుంది, పశువులకు దారి దొరుకుతుంది.

పనికిరాదన్న కలపకు ఇలా విలువ వచ్చిన ఉదాహరణ మన పక్కనే ఉంది. రబ్బరు చెట్టును పాల కోసం పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు గీసి, పాలు తగ్గాక కొట్టేస్తారు. ఆ కొయ్యకు చేవే లేదు, కోసిన కొద్ది రోజుల్లో బూజుతో నల్లబడుతుంది, పురుగు పడుతుంది. అందుకే 1970ల దాకా దాని చోటు పొయ్యిలోనే. కోసిన వెంటనే పలకలను బొరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో శుద్ధి చేసి, వేడి గదుల్లో ఆరబెట్టే పద్ధతి వాడుకలోకి వచ్చాక కథ మారింది. మలేసియా కుర్చీలు, బల్లల ఎగుమతి పరిశ్రమ ఎక్కువగా ఆ కొయ్య మీదే నిలబడింది. హైదరాబాద్‌లో, విజయవాడలో దుకాణాల్లో రబ్బర్‌వుడ్ భోజనాల బల్లలు ఈరోజు మామూలు సరుకు. రబ్బరు కొయ్యతో పోలిస్తే సర్కారు తుమ్మకు చేవ ఉంది, రంగు ఉంది, కదలిక తక్కువ. లేనిదల్లా పొడవు, తిన్నదనం.

బరువు మోయని సామానుకు పొడవు అవసరం లేదు, ఇదే మొత్తం వ్యవహారానికి ఊపిరి. దూలానికి పన్నెండు అడుగుల తిన్నని మాను కావాలి, అందులో ఒక పెద్ద కణుపు ఉన్నా అది విరిగి ప్రాణం మీదికి రావచ్చు. నేలపలకకు ఒకటి రెండు అడుగుల ముక్క చాలు. కణుపు అడ్డొస్తే దాన్ని కోసి తీసేసి రెండు వైపులా వాడుకోవచ్చు. చేతివేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు ముక్కల చివర్లను పళ్ళుగా కోసి జిగురుతో అతికిస్తే పొడవాటి బద్దలు వస్తాయి. బద్దలను పక్కపక్కన పేర్చి అతికిస్తే బల్ల పైభాగానికి సరిపడే వెడల్పు వస్తుంది. ఇంత చిక్కని కొయ్యలోకి జిగురు సులువుగా ఇంకదు కాబట్టి చిత్రిక పట్టిన రోజే అతికించాలి. ఒకటి రెండు రోజులు ఆగితే పట్టు తగ్గుతుంది.

పని వరుస ఇలా ఉండాలి. కొట్టిన చోటే మొద్దులను ఏరాలి. లావు ఆరంగుళాలు దాటి, రెండు మూడు అడుగులు తిన్నగా ఉన్నవి పక్కకు, మిగతావన్నీ బొగ్గుకు. ఏరినవాటికి వెంటనే బెరడు ఒలవాలి, చివర్లకు మైనమో పాత పెయింటో పూయాలి, లేకపోతే చివర్ల నుంచి తేమ తొందరగా పోయి పగుళ్ళు వస్తాయి. ఎండితే రంపానికి లొంగదు, అందుకే పచ్చిగా ఉండగానే కోయాలి. ఆరేటప్పుడు కుంచించుకోవడం తక్కువ కాబట్టి పలకకు అదనపు మందం పెద్దగా వదలక్కర్లేదు. చిన్న మొద్దులకు పెద్ద సామిల్లు కాకుండా మొద్దును కదలనివ్వక రంపమే దాని మీదుగా నడిచే చిన్న అడ్డ బ్యాండు రంపం మేలు. దాన్ని వాహనానికి తగిలించి చెరువు దగ్గరికే తీసుకుపోవచ్చు. కోసిన పలకల మధ్య సన్నబద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. పసుపు పొర ఉన్న పలకలకు బొరాక్స్ శుద్ధి తప్పనిసరి. ఆ మందు నీటిలో కరిగిపోతుంది కాబట్టి శుద్ధి చేసిన పలకను ఇంటి లోపలి సామానుకే వాడాలి. తినే గిన్నెలకు, తెడ్లకు మాత్రం మందు తగలని చేవ ముక్కలే తీసుకోవాలి. కోత పొడి ముక్కును, చర్మాన్ని చికాకు పెడుతుంది. పనివాళ్ళకు మాస్కు ఇవ్వని చోట ఈ పని మొదలుపెట్టకూడదు.

కొండపల్లి బొమ్మలకు కావలసిన తెల్ల పొణికి దొరకడం లేదు కదా, బదులుగా ఇది వాడవచ్చు కదా అనే సూచన ఎవరికైనా తట్టవచ్చు. కుదరదు. పొణికి తేలికగా, మెత్తగా ఉలికి లొంగే కొయ్య, ఇది బరువైన గట్టి కొయ్య. ఏటికొప్పాకలో లక్క రంగులు పట్టించే అంకుడు కర్ర స్థానంలోనూ నేను దీన్ని పెట్టను. లక్క కప్పేస్తే దీని ఎర్రని రంగు కనిపించదు, దీనికున్న అందం అదే. నా ఆశ ఉదయగిరి మీద ఉంది. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో నర్ది వంటి కొండకొయ్యతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కే పనివారు తరాలుగా ఉన్నారు. అరచేతి పొడవు ముక్కలో నగిషీ చెక్కగల చేతులు అవి. కొండకు పోయి కొయ్య తెచ్చుకునే బాధ తగ్గించే ముడిసరుకు ఊరి చుట్టూ పెరుగుతోంది. వాళ్ళకు బాగా ఆరిన చేవ ముక్కలు ఇచ్చి, ఉలికి ఎలా లొంగుతోందో, నూనె పట్టిస్తే రంగు ఎలా తేలుతోందో వాళ్ళ నోటి నుంచే వినాలి. గట్టిగా ఉందని వద్దంటే ఆ మాట గౌరవించాలి. గొడ్డలి, సుత్తి పిడులు చేసేవాళ్ళకు, లేత్ యంత్రం మీద తలుపు గుబ్బలు, మంచం కోళ్ళు తీసేవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది.

విలువ వస్తుందంటే నాటడం మొదలుపెడతారన్న భయం నాకు ఉంది, అది ఊహలోని భయం కాదు. కెన్యాలో బారింగో సరస్సు ప్రాంతంలో 1980లలో దీన్ని అభివృద్ధి పథకం కింద నాటించారు. తీపి కాయలు తిని మేకల పళ్ళు ఊడిపోయాయి, మేత నేలలు కంపలో మునిగాయి. చివరికి అక్కడి పశుపాలకులు ప్రభుత్వం మీద దావా వేసి, పళ్ళు లేని మేకను కోర్టుకు తీసుకొచ్చి చూపించారు. గుజరాత్‌లోని బన్నీ గడ్డిభూములది అదే గోడు. తమిళనాడులో దీన్ని తొలగించమని మద్రాసు హైకోర్టు ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. పశువులు కాయలు తిని పేడలో విత్తనాలు చల్లుతాయి కనుక ఒకచోట నాటితే అది అక్కడ ఆగదు. అందుకే కలప కోసమైనా సరే కొత్తగా ఒక్క మొక్క కూడా నాటకూడదు. చెరువు గర్భాలు, గడ్డి నేలలు, సాగు భూముల్లో దీన్ని వేళ్ళతో సహా తీసేయాలి. మోడును నేల లోపలి నుంచి తవ్వకపోతే మళ్ళీ లేస్తుంది. ఇప్పటికే దట్టంగా ఉండి, తీసే స్థోమత ఎవరికీ లేని చోట మాత్రమే పలచబరచి పెంచే పద్ధతి పాటించాలి. తీసేయడానికి డబ్బు కావాలి, ఆ డబ్బులో కొంతైనా లావు మొద్దుల నుంచే రావచ్చు. టన్నుల లెక్కన తూకం వేసి బొగ్గుకు పోతున్న కట్టెలో నేలపలకకు పనికొచ్చే చేవ దేరిన మొద్దులు ఎన్ని కాలిపోతున్నాయో ఎవరూ లెక్క పెట్టడం లేదు.

మొదటి అడుగు చిన్నదే కావచ్చు. చెరువుల్లో కంప తొలగించడానికి టెండర్లు పిలిచేటప్పుడు ఒక షరతు చేర్చాలి: ఆరంగుళాల లావు దాటిన తిన్నని మొద్దులను విడిగా పేర్చి, బెరడు ఒలిచి, కట్టెలతో కలపకుండా వేలం వేయాలి. కొనడానికి ఎవరూ రాకపోతే అవి బొగ్గుకే పోతాయి, గుత్తేదారుకు నష్టం లేదు. మండల కేంద్రంలోని వడ్రంగి ఒక్కడు వచ్చి నాలుగు మొద్దులు పాడుకున్నా, వాటిని కోసి, ఆరబెట్టి, వచ్చే వానాకాలంలో ఎంత కదిలాయో అతనే కొలిచి చెబుతాడు.